జీరో చూసుకోన్నా

ఉలవపాడు దాటినాక, కావలి ఇంకా తగలకముందు
హైవే పక్కన రెండు పంపులు, నాలుగు ట్యూబులైట్లు,
ఎర్ర బక్కెట్లో ఇసక.
రాత్రి డ్యూటీ నాది.
ఇక్కడికని ఎవరూ రారు. ఇక్కడ ఆగుతారు.
ఆ రెండు మాటలకీ తేడా తెలవడానికి
నాకు ఆరేళ్ళు పట్టింది.

రొయ్యల కంటైనరు ఐసునీళ్ళు కార్చుకుంటా వచ్చుద్ది.
కందుకూరు పొగాకు బేళ్ళ మీద
క్లీనరు పిల్లోడు నిద్రపోతా వస్తాడు.
పేరడగను, ఊరడగను.
"జీరో చూసుకోన్నా" అంటా.
వాళ్ళు మీటరు చూడరు, తూర్పుకి చూస్తారు.
సముద్రం కనపడదు గానీ
అటుందని గాలి చెబుద్ది.

వాయుగుండం రాత్రి కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి పడుకుంది.
అప్పుడొచ్చాడు మస్తాన్‌వలి చీమకుర్తి నుంచి,
ట్రైలరు నిండా ఒకే ఒక్క రాయి,
గొలుసులు బిగించి, కృష్ణపట్నం ఓడకి.
గెలాక్సీ రాయి అంటారు దాన్ని.
మూల మీద తెల్ల పెయింటుతో నంబరు.
టార్చి వేశా.
తడిసిన నలుపులోంచి బంగారు నలుసులు
ఒక్కసారిగా లేచి నా మొహంలోకి చూశాయి.

"ఏందబ్బయా అట్టా నిలబడ్డావు, రాయే గదా."

రాయే.
కానీ ఆ మజ్జానమే ఫోనులో ఎవరో చెప్తుంటే విన్నా,
సూర్యుడు లేని గ్రహాలుంటాయంట.
పుట్టినచోట ఏ తోపులాటలోనో బయటపడి
ఎవరి చుట్టూ తిరక్కుండా
పోతానే ఉంటాయంట.
పొద్దు లేదు. తిథి లేదు. రాహుకాలం అసలే లేదు.

అట్టాంటిదాని మీద ఎవరో బంకు పెట్టే ఉంటారు.
ఈ చుక్క నుంచి ఆ చుక్కకి పోయే ఓడలు
నడిమధ్యలో యాడో ఒకచోట ఆగాల గదా.
గడ్డకట్టిన గాలిని తవ్వి, కరిగించి,
ట్యాంకుల్లో పోసేవాడు ఒకడుండాల గదా.
వాడికి నా పేరే ఇస్తా, పెంచలయ్య అని.
చొక్కా మీద కంపెనీ బొమ్మ, జేబు చిరిగి.
ఓడ దిగినోళ్ళు ముందు దొడ్డి యాడుందంటారు,
తర్వాత టీ ఉందా అంటారు.
ఒకడు మూడొందల ఏళ్ళ నాటి రసీదు తీసి
పాత రేటుకే పొయ్యమని గొడవ పెట్టుకుంటాడు.
ఇంకొకడు, ప్రతి ఓడలోనూ ఉంటాడొకడు,
ఇక్కడ ఎప్పుడు తెల్లారుద్ది అనడుగుతాడు.
వాడు పైపు బిగిస్తా
"జీరో చూసుకోన్నా" అంటాడు.
చూస్తారు.
అద్దం అవతల ఎటు చూసినా అదే.

ఇదంతా బయటికే అనేసినట్టున్నా.
మస్తాన్‌వలి బీడీ ఆర్పి
"చలికి చచ్చిపోడా వాడు?" అన్నాడు.
లోపల వేడుంటాదంటన్నా. పుట్టినప్పటిది.
ఇంకా ఆరలేదంట.

ఆయన ఏమీ అనలా.
నా చెయ్యి పట్టుకొని రాయి అడుక్కి తోశాడు,
దుంగల సందున, వాన తగలని చోటికి.
రాత్రి రెండింటికి
ఆ రాయి వెచ్చగా ఉండాది,
జరమొచ్చిన పిల్లోడి వీపులాగా.
చీమకుర్తిలో పగలంతా ఎండేనంట.
అది పగటి వేడో, దాని సొంత వేడో
తేల్చే చదువు నాకు లేదు.
చెయ్యి మాత్రం తియ్యబుద్ధి కాలా.

జనరేటరు లేచింది.
నూట నలభై లీటర్లు. సిగ్నలు లేదు, నోట్లే ఇచ్చాడు.
పన్నెండు రూపాయలు చిల్లర లేదన్నా.
"తిరిగొచ్చేటప్పుడు ఇద్దువులే."
గొలుసులు ఒకసారి గుంజి చూసుకొని ఎక్కాడు.
ఎర్ర లైట్లు రెండూ వానలో ఒకటై,
ఆ ఒకటీ పోయింది.

ఆ నెల పోయి ఇంకో నెలొచ్చింది.
చీమకుర్తి బండ్లు వస్తానే ఉండాయి, ఆయన రాలా.
ఇంకో రోడ్డు పట్టాడేమో, ఇంకో రాయి ఎత్తాడేమో.
క్యాలిక్యులేటరు కింద పది నోటు, రెండు బిళ్ళ.
లెక్క అప్పజెప్పేటప్పుడు అవి పక్కకి జరుపుతా.

ఆడ వాడి దగ్గర కూడా
ఎవురిదో చిల్లర ఉండే ఉంటాది.