మూడు చుక్కలు

స్క్రిప్టు నాలుగో పేజీలో ఇసాకు ఉన్నాడు.
వీపు మాత్రమే.
నూడుల్స్ కొట్టు పెరట్లో గిన్నెలు తోముతుంటాడు.
వాడి పేరు పక్కన, మాట ఉండాల్సిన చోట
మూడు చుక్కలు.

ఇరవై రెండేళ్ల కిందట ఇదే మైకు ముందు
అరవై నాలుగు వారాలు
తెరమీది వరదకి ఎదురు నిలబడి అరిచాను:
"ఒడ్డు ఎవరిదైనా రేవు నాది!"
గొంతులో నెత్తురు జీర కనిపించిన రోజున
సుజుయో చిట్టినారింజలు తేనెలో ఊరేసి
సీసా నా సంచిలో దోపింది.
నెరిమాలో రైలు దిగితే చాలు,
బడిపిల్లలు గొడుగుల్ని తెడ్లు చేసుకుని
చుక్క నీరు లేని రోడ్డుమీద పడవలు నడిపేవాళ్లు.
నన్నెవరూ గుర్తుపట్టలేదు. పట్టక్కర్లేదు.
నా గొంతు వాళ్ల నోళ్లలో ఉంది.

ఇప్పుడు రెండో కథ.
ఇసాకు శిష్యుడి కొడుకట, కొత్త వీరుడు.
తెడ్డు లేదు, పడవ లేదు,
చెయ్యెత్తితే నది రెండుగా చీలుతుంది.
చీలిపోయే నదికి సరంగు ఎందుకు?
ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు.
వీళ్లు తగలెయ్యను కూడా లేదు,
అంట్లు తోమడానికి ఉంచుకున్నారు.

అద్దం అవతల డైరెక్టరు షిగెయామా,
ముప్పై దాటని కుర్రాడు, మర్యాదస్తుడు,
"ఒక్క ఊపిరి ఇవ్వండి గురువుగారూ, చాలు."
ఇచ్చాను.
"ఇంకొంచెం తక్కువగా."
ఇంకా తక్కువ ఊపిరి ఎలా ఉంటుందో
ఆసుపత్రిలో నాన్న మంచం పక్కన విన్నాను.
అదే ఇచ్చాను.
"అద్భుతం" అన్నాడు. నిజంగానే అన్నాడు.

పక్క మైకు దగ్గర హోసోయా, కొత్త వీరుడి గొంతు,
అరవబోయేముందు నావైపు తిరిగి వంగాడు.
మూడో తరగతిలో గొడుగు విరగ్గొట్టి
ఇంట్లో దెబ్బలు తిన్నాడట, నా వల్ల.
ఈ పనిలోకి రావడమూ నా వల్లేనట.
వాడి గొంతు బావుంది.
అది ఇంకా ఒళ్లు మండించింది.

డబ్బు మాత్రం అంతే.
వందసార్లు అరిచినా, మూడు చుక్కలు ఊదినా ఒకటే లెక్క.
"హాయే కదా" అంటుంది సుజుయో.

హాయే.
ముసలివాణ్ణి చేశారని కాదు, నేనూ అయ్యాను.
ఓడించినా ఒప్పుకునేవాణ్ణి.
కానీ ఇసాకు గిన్నె అలా తోమడు,
నీళ్లకేసి చూడకుండా.
బకెట్లో నీళ్లయినా సరే, ముందు వంగి
అవి ఎటు పోదామనుకుంటున్నాయో చూస్తాడు.
ఈ గదిలో ఆ సంగతి తెలిసింది ఇద్దరికే,
నాకూ, ఆ గొడుగు విరగ్గొట్టినవాడికీ.

తొమ్మిదో భాగంలో ఇసాకు చనిపోతాడు.
తెర బయట.
తెరమీద కొత్త వీరుడి మొహం, కన్నీళ్లు, వయొలిన్లు.
ఎక్కడో తెడ్డు నేలమీద పడిన చప్పుడు.
ఈసారి చుక్కలు కూడా లేవు.
నన్ను రమ్మనలేదు.
వెళ్లాను.

శబ్దాల గదిలో నుమాజిరి ఒక్కడే,
జతకలవని చెప్పులు, ఇసుక పళ్లెం, ఎండు సొరబుర్రల మధ్య.
ఎందుకొచ్చావని అడగలేదు.
మూలనున్న కర్ర తీసి చేతిలో పెట్టాడు.
తెడ్డు కాదు, ఏదో పాత తలుపు చెక్క.
"మీరే పడెయ్యండి."

పడేశాను.
"మరీ గట్టిగా ఉంది."
మళ్లీ.
"ఇప్పుడు విసిరినట్టుంది."
మళ్లీ.
"జారాలండి. మీరు వదులుతున్నారు."

ఏడోసారో ఎనిమిదోసారో
అరచేతిలో పేడు దిగింది,
నాకు తెలీకుండా నోట్లోంచి ఏదో వచ్చింది.
మాట కాదు.
నుమాజిరి ఎర్రదీపం వైపు చూశాడు.
వెలుగుతోంది.
"ఇది తీసెయ్యనా?" అన్నాడు.

పేడు సగం పైకి కనిపిస్తోంది, సగం లోపలుంది.
గోటితో లాగుతూ
వెంటనే ఏమీ చెప్పలేదు.