ఖాళీ వ్యాగన్లు

డీజిల్ షెడ్డు ముప్పై రెండేండ్లలో
లాజరు పెదనాయన చెవులు తినేసింది.
సినిమా అంటే ఆయనకిప్పుడు
ఊరికే నోళ్ళు ఆడిచ్చే మనుషులు.

యాడిదో మంచుదేశం సినిమా, నెట్‌లో దించినా.
వారం రాత్రులు కూచోని
మాటమాటకూ కింద తెలుగు రాసినా.
రెండు ఫైళ్ళకూ ఒకటే పేరుండాల,
చుక్క తేడా వచ్చినా ఆ డీవీడీ ప్లేయరు గుర్తుపట్టదు.
డిస్కు మీద స్కెచ్చు పెన్నుతో 'పెదనాయనకు' అని రాసి
గుంతకల్లు బండెక్కినా.

తెర మీద ఒక ముసలోడు తలుపు తీసినాడు.
కింద నా తెలుగంతా
డబ్బాలు. డబ్బాలు. డబ్బాలు.

నాకు తల కొట్టేసినట్లయింది.
పెదనాయన మాత్రం వేలు చాపి లెక్క పెడతాండాడు:
"ఇరవై మూడు. ఖాళీ రేక్ లేప్పా,
బళ్ళారి దిక్కు పోతాంది, ఖనిజం ఎత్తుకోను."

మళ్ళా మొదట్నుంచి రాసినా,
తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో.
వ్యాగన్ల మీద చూసి నేర్చుకున్న అక్షరాలు ఆయనవి,
ఒక్కొక్కటీ కూడబలుక్కుంటాడు.
నేను రిమోటు నొక్కి ఆపుతా,
ఆయన 'ఊ' అంటే వదుల్తా.
పెద్దమ్మ పెట్టిన ఉగ్గాని చల్లారిపాయ.
గంటన్నర సినిమా
మూడు సాయంత్రాలు పట్టింది.

మూడోనాడు
ముసలోడు ఏమీ మాట్లాడని చోట,
నేను కింద ఏమీ రాయని చోట,
పెదనాయన చెయ్యెత్తినాడు, ఆపమని.
చదవను అక్కడేం లేదు.
అయినా శానాసేపు
'ఊ' అనలేదు.