తలుపు దగ్గర మనిషి

రెసీఫెలో జూన్ నెల.
మూడు రోజులుగా ఒకటే ముసురు.
కోర్టు కింది అంతస్తులో మా గది గోడ మీద
చెమ్మ ఏదో దేశపు పటం గీస్తోంది,
సరిహద్దులు రోజూ జరుపుతోంది.

నా పని వినడం, విన్నది టైపు కొట్టడం.
పదకొండేళ్ళుగా ఇదే కుర్చీ.
ఒక చక్రం అరిగి, ఎటు కూర్చున్నా
కొంచెం ఎడమకే ఒరుగుతుంది.

పట్టుకున్న మనిషిని ఇరవై నాలుగు గంటల్లోపు
జడ్జి ఎదుట నిలబెట్టాలి.
"నిలబెట్టడం కాదు, కూర్చోబెట్టాలి" అంటుంది
డిఫెండర్ జుసారా, ప్రతిసారీ,
కుర్చీ తనే లాగి.

ఇవాళ ఆరో మనిషి జోసివాన్.
వంతెన పక్కన ఉడకేసిన మొక్కజొన్నలు అమ్ముతాడట.
కుడికాలికి రబ్బరు చెప్పుంది.
ఎడమకాలిది ఎక్కడని
ఫారంలో గడి లేదు.

"బేడీలెందుకు?" అంది జడ్జి.
"అలవాటండీ" అన్నాడు తీసుకొచ్చిన పోలీసు.
"కారణం: అలవాటు. అలాగే రాయనా?" అన్నాను.
నేను అడగకూడదు నిజానికి.
జడ్జి కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి
ఏమీ అనలేదు.
బేడీలు ఊడాక మణికట్ల మీద
రెండు ఎర్రగాజులు మిగిలాయి.

అప్పుడా ప్రశ్న.
"నిన్నటి నుంచి నిన్నెవరైనా కొట్టారా?"
అంత లావు రాజ్యాంగం
ఆరో మనిషి దగ్గరికొచ్చేసరికి
ఈ ఒక్క వాక్యమంత సన్నబడి వస్తుంది.
కొన్నిసార్లు అదీ తడబడుతుంది.

జోసివాన్ నీళ్ళు నమిలాడు.
"లేదమ్మా. పడ్డాను."
"ఎక్కడ?"
"మెట్ల మీద."

మా ఊరి పోలీస్ స్టేషన్లకి మెట్లెక్కువ.
ఒంటి అంతస్తు వాటికి కూడా.

కొట్టాను: మెట్లు.
అతని చూపు మాత్రం నా వేళ్ళ మీద లేదు,
జడ్జి మీద లేదు.
నా వెనక తలుపు దగ్గర
వానకోటు నుంచి చుక్కలు
నేల మీద పడుతున్నాయి, ఒకటి, ఇంకొకటి.
అతను వాటిని వింటున్నాడు.

జుసారా లేచింది.
"తలుపు దగ్గర మనిషి బయటికెళ్ళాలి."
"కాపలా అండీ."
"ఎవరికి?"

ఛాతీ మీద పేరు ఎవెరాల్దో. పాతికేళ్ళుంటాయేమో.
కళ్ళ కింద నిన్నటి రాత్రి ఇంకా అలాగే ఉంది.
అతనివీ ఇరవై నాలుగు గంటల డ్యూటీలే,
అవి ముగిశాక అతన్ని ఎవరి ముందూ
కూర్చోబెట్టరు, ఏమీ అడగరు.
ఇది కూడా నేను రాయలేదు.

జడ్జి వేలు తలుపు వైపు చూపింది.
మూడూ నలభై రెండుకి కాపలా బయటికి.
టైము కొట్టాను. మెట్లని చెరపలేదు.

వాన చప్పుడు.
జడ్జి కాగితాలు పక్కన పెట్టి
అదే ప్రశ్న, అవే మాటల్లో,
ఇంతకుముందు ఎన్నడూ అడగనట్టు
మళ్ళీ అడిగింది.

చాలాసేపు ఏమీ లేదు.
మౌనానికి నా కీబోర్డులో మీట లేదు,
చుక్కలు పెట్టుకుంటూ పోయాను.
"నా గిన్నె స్టేషన్లోనే ఉండిపోయింది" అన్నాడు ముందు.
"పెద్ద గిన్నె. అప్పు తెచ్చింది."
తర్వాత
చొక్కా ఎత్తాడు.

ఎడమవైపు, పక్కటెముకల కింద,
అరచేయంత, ఊదా రంగు, అంచు పసుపు.
ఇంత సులువైన మాటలే అవి.
రెండుసార్లు తప్పు కొట్టాను.

డాక్టరుకి చూపించమన్నారు. ఫోటోలు తీయమన్నారు.
విచారణకి రాయమన్నారు.
రాసినవన్నీ ఎక్కడికి వెళ్తాయో నాకు తెలుసు.
కొన్ని వెళ్ళవనీ తెలుసు.

ఏడో మనిషిని పిలిచే లోపు నీళ్ళకి బయటికెళితే
కారిడార్ మలుపులో ఎవెరాల్దో.
చేతిలో ప్లాస్టిక్ సంచి.
"జీపులో ఉండిపోయింది" అన్నాడు,
గోడ మీది పటాన్ని చూస్తూ.

ఎడమకాలి చెప్పు.
పట్టీ తెగి ఉంది.

తిరిగిస్తున్నాడో, అప్పగిస్తున్నాడో
అడగాలనుకున్నాను.
అప్పటికే అతను మెట్లు దిగుతున్నాడు.
ఈ భవనానికి నిజంగానే మెట్లున్నాయి.