రెక్కాడితే

వాల్పరైసోలో మా కొండకి నూట ఎనభై మెట్లు.
తొంభై రెండో మెట్టు దగ్గర నా క్షౌరశాల:
రెండు కుర్చీలు, ఒక అద్దం,
సముద్రం వైపు తెరుచుకునే ఒకే ఒక్క తలుపు.
ఆ తలుపుతోనే తగువంతా.

చిలుకని పళ్ళ డాక్టరు వదిలి వెళ్ళాడు,
పై మెట్ల మీద ఉండేవాడు, దక్షిణాన ఏదో ఊరికి మారిపోతూ.
పద్నాలుగేళ్ళు ఆయన గదిలో పెరిగిన పిట్ట.
నా కొట్టుకి వచ్చిన మొదటి రోజే
గడ్డం గీయించుకుంటున్న మనిషితో
"నోరు బాగా తెరవండి" అంది.
అతను తెరిచాడు కూడా.
పేరు అహీ. అంటే మిరపకాయ.

మార్చిలో, గాలి తిరిగిన రోజున,
ఎవరో తలుపు తీసి, లోపలికి రాకుండా,
ధర ఎంతని అడుగుతూ నిలబడ్డాడు.
ఒక పచ్చటి గీత నా చెవి పక్క నుంచి పోయింది.
మూడు గంటలు కరెంటు తీగ మీద కూర్చుంది.
కింద నేను,
సగం గడ్డం మీద నురగ ఎండిపోయిన నా బేరం,
మెట్ల మీది కుక్కలన్నీ.
చివరికి దిగింది. నా పిలుపుకి కాదు,
ఆకలికో, సముద్రం అంత పెద్దదని తెలిసో.

అప్పటినుంచి సునిల్దాది ఒకటే మాట:
"ఊరందరి తలలూ కత్తిరిస్తావు,
ఆరు ఈకలు నీకో లెక్కా?"
పశువుల డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసిచ్చింది:
ఇవి ఉంచు, ఇవి తియ్యి,
రక్తం ఉన్న లేత ఈకని ముట్టుకోకు.
"జుట్టు లాంటివే, మళ్ళీ వస్తాయి" అంది.
జుట్టు సంగతి నాకు చెప్పకమ్మా.
నలభై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నాను.
మళ్ళీ వస్తుంది, నిజమే.
వచ్చేదాకా ఆ మనిషి
అద్దం కనబడ్డ చోటల్లా తల తడుముకుంటాడు.

కొండ లిఫ్టు నడిపే రోసమెల్ దీనికి ఎదురు:
"రెక్కలు తీసిన పిట్టా, తాడు తెగిన నా డబ్బా ఒకటే."
అతనికి పిట్ట లేదు.
కుక్క నోట పడితే ఈకలు ఏరుకోవలసింది నేను.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది.
నిరుడు చలికాలం నుంచి నా కుడి రెక్క లేవడం లేదు.
భుజం దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది,
మేకుకి తగులుకున్న కోటులా.
పొడుగు మనుషులొస్తే కుర్చీ కిందికి దించుతాను;
వాళ్ళు మర్యాద అనుకుంటారు.
రెక్కాడితే గానీ డొక్కాడని వాణ్ణి.
సగం రెక్కంటే ఏమిటో
నాకు బొమ్మ గీసి చూపించనక్కర్లేదు.

అయినా ఆదివారం కొట్టు మూసి
తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.
సునిల్దా రెక్క విప్పి పట్టుకుంది.
విసనకర్రలా అనబోయాను,
విసనకర్రకి ఒంటి వేడి ఉండదు.
పచ్చ కింద నీలం, నీలం అంచున
ఇన్నాళ్ళూ నేను చూడని పసుపు,
కూర్చున్న పిట్టలో కనిపించని రంగు.
కత్తెర తెరిచాను.
పళ్ళ డాక్టరు గొంతుతో, ఎంతో దయగా, చిలుక అంది:
"నొప్పేం ఉండదు. నొప్పేం ఉండదు."

సునిల్దా నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది.
ముందు రెక్క వదిలేసింది తనే.

ఇప్పుడు తలుపు లోపల ఇంకో తలుపు,
చెక్క చట్రానికి బిగించిన చేపల వల.
రోసమెల్ వచ్చి మేకులు కొట్టాడు, రెండు వంకరగా.
రెండు తలుపుల మధ్యా ఒక మనిషి పట్టే చోటు;
లావుపాటివాళ్ళు పక్కకి తిరిగి రావాలి.
ఇద్దరు రావడమే మానేశారు.
చేసింది సరైన పనేనని ప్రమాణం చెయ్యను.
వలలు చిరుగుతాయి. ఇక్కడి గాలికి ఓపిక ఎక్కువ.
డాక్టరమ్మ గీసిన కాగితం పారెయ్యలేదు,
కత్తెర కిందే, సొరుగులో ఉంది.

సాయంత్రం ఆఖరి బేరం వెళ్ళాక
అహీ అద్దం మీంచి కుర్చీ మీదికి,
కుర్చీ మీంచి నా ఎడమ భుజం మీదికి ఎగురుతుంది.
కుడి భుజం మీద ఎందుకో వాలదు.