గాయం తగిలిన తేదీ

మూడో గడిలో అడిగింది ఒక్కటే:
గాయం తగిలిన తేదీ.

ఏ తేదీ వేయను?
కత్తి జారలేదు, తడినేల మీద నేనూ జారలేదు,
ఒక్క చుక్క రక్తం రాలలేదు.
నిమిషానికి ముప్పై ఎనిమిది కోళ్లు
కొక్కేలకు తలకిందులుగా వచ్చేవి,
ఒక్కోదానికి రెక్క మొదట్లో ఒక గాటు.
పదకొండేళ్లు.
ఏ కోడి దగ్గర నా మణికట్టు తెగిందో
లెక్క రాసుకోలేదు.

స్ప్రింగ్‌డేల్ ప్లాంటు మొత్తానికి చెయ్యి తిరిగినదాన్నని
డ్వేన్ కొత్తవాళ్లను నా పక్కనే నిలబెట్టేవాడు.
ఆ తిరిగిన చెయ్యే ఇప్పుడు
ఇంటి తాళంలో తిరగదు.
రాత్రి రెండింటికి వేళ్లు మొద్దుబారి లేస్తాను,
పాతకాలం థర్మామీటర్‌ని విదిలించినట్టు
చీకట్లో విదిలిస్తూ కూర్చుంటాను.

నర్సు గదిలో రెండు మాత్రలు, ఒక ఐసు సంచి,
"ఇంక లైన్లోకి వెళ్లు రోవీనా."
ఆ చీటీలు దాచుకోవాలని నాకెవరు చెప్పారు?

మార్చిలో మానేశాను.
కారణం అన్నచోట "సొంత విషయాలు" అని రాశాను,
మర్యాదగా ఉంటుందని.
నా చెయ్యి నా సొంతమే కదా మరి.
ఇప్పుడు కంపెనీ లాయరు ఫోన్లో ఆ రెండు మాటల్నీ
పిల్లలకి పాఠం చదివినట్టు నెమ్మదిగా చదివాడు.
మానేసి ఐదు నెలలైంది కదా మేడమ్,
ఈ మధ్యలో కుట్లూ అల్లికలూ ఏమైనా? తోటపని?
నాలుగు టమాటా మొక్కలు పెట్టానన్నాను.
"టమాటా," అన్నాడు.
అవతల ఎవరో టైపు చేస్తున్న చప్పుడు.

లైన్లో నా ఎడంపక్క నెయ్‌జోన్ ఉండేది,
మార్షల్ దీవుల పిల్ల.
ఒకసారి తన తలకట్టు విప్పి నా మణికట్టుకి చుట్టింది.
సాక్షిగా నీ పేరు రాయనా అని
సూపర్‌మార్కెట్ బయట కార్ల మధ్య అడిగాను.
అటూ ఇటూ చూసి
నా చెయ్యి పట్టుకుంది,
కట్టు కట్టుకున్న తన చేత్తో.
రాయలేదు.

మూడో గడిలో పదకొండేళ్లు పట్టలేదు,
మానేసిన రోజే వేశాను.
ఎడమచేత్తో సంతకం పెట్టి పంపాను.
పదోరోజుకి తిరిగొచ్చింది:
చేరినప్పటి సంతకంతో ఇది సరిపోలడం లేదు,
వివరణ జతచేయగలరు.

వంటగదిలో ఒక్కదాన్నే చాలాసేపు నవ్వాను.
తర్వాత, మళ్లీ ఎడమచేత్తోనే, వివరణ మొదలుపెట్టాను.
కాగితం జరిగిపోతుంటే
దోసకాయ పచ్చడి సీసా బరువు పెట్టాను,
మే నెలలో కొన్నది.
మూత ఇంకా తియ్యలేదు.