గాలి మర

పన్నెండు మందిని ఎక్కించుకున్న, పదకొండు టికెట్లు.
తానుబాయి మనుమరాలు చంద్రికి టికెట్ లేదు,
ఒళ్లె కూసున్నోళ్లకు నా పడవల పైసలు తీసుకోను.
వేమనపల్లి రేవు. ఫాల్గుణం.
అందరు మిర్చి ఏరి పోయెటోళ్లు,
రెండు నెలలు మా దిక్కు చేన్లల్ల వంగి వంగి
ఇప్పుడు ప్రాణహిత అవతల ఇండ్లకు.
మూటలల్ల కూలి కింద వచ్చిన కాయలు, చీరెలల్ల ఘాటు.
ఒకరు తుమ్మితే పడవంత తుమ్మింది.

తాడు గుంజిన. ఒక్క గుంజుడుకే మోటరు అందుకున్నది.
మొదటి పిలుపుకే పలికినోన్ని నమ్మొద్దని
మా మామ గట్టయ్య అనేటోడు.
ఆయన అన్నది నా గురించి.

నడి ఏట్లకు వచ్చినంక
మోటరు గొంతు సన్నబడ్డది.
దగ్గింది. ఇంకోపారి దగ్గింది.
ఆగింది.
అప్పుడు వినబడ్డది నీళ్ల సప్పుడు,
అంతసేపు ఏరే లేదన్నట్టు.

పెట్రోలు అయిపోయిందా? డబ్బ ఊపితే బొళబొళమన్నది.
నీళ్లు కలిసినయా? చెన్నూరు బంకోన్ని తిట్టిన,
వాని అయ్యను గూడ తిట్టిన.
సీసాల వంచి చూస్తే ఒక్క నీటిచుక్క లేదు,
తిట్టు మాత్రం వాపస్ తీసుకోలే.
పైపు నడుమ రబ్బరు గుండె ఒకటి ఉంటది,
పిసికితే గట్టిపడాలె.
పిసికిన. లోపలికి పీక్కపోయి
పండ్లు లేని ముసలోళ్ల దవడ లెక్క
అట్లనే ఉండిపోయింది.
ప్లగ్గు ఇప్పిన, తుడిసిన, పెట్టిన, తాడు గుంజిన.
పద్దెనిమిది సార్లు.
చంద్రి లెక్కపెట్టింది, మరాఠీల.

గడబొంగుకు అడుగు అందలే.
ఏరు మమ్ముల మెల్లగ కిందికి గుంజుకపోతున్నది,
దానికి తొందరేమున్నది,
బండలు యాడున్నయో దానికెరుకే.
తెడ్డు? ఉన్నది. ఇంట్ల.
కోళ్లగూటికి అడ్డం పెట్టిన.

అప్పుడు తానుబాయి లేసింది.
నన్ను అడగలే. మూట ఇప్పింది,
మిర్చి ఎండబోసిన నీలం బరకం తీసింది.
పడవ నడుమ చెక్కకు ఒక బొక్క ఉంటది,
మా మామ కాలంల తెరచాప కొయ్య నిలబడ్డ బొక్క.
నా కాలంల అండ్ల ఛత్రి గుచ్చుత, బీడి ముక్కలు పడేస్త.
ఆమె బీడి ముక్కలు ఏరి ఏట్లెసి
వేలువెట్టి లోతు చూసి
నా గడబొంగునే అండ్ల దించింది.
టవాళ్లు తాళ్లయినయి.
బరకం కొసలు ఇద్దరు ఆడోళ్లు కాళ్ల కింద తొక్కిపట్టిండ్రు.

పడమటి గాలి వచ్చి బరకంల పడ్డది.
మొదటి ఊపుకే
మడతలల్ల దాసుకున్న మిర్చి దుమ్మంత
మా కండ్లల్ల.

ఏడ్సుకుంట, తుమ్ముకుంట, నవ్వుకుంట
రేవుకు అర మైలు కింద
పుచ్చకాయల తోటల తగిలినం.
తోటాయన కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు,
మా కండ్లు జూసి కట్టె కింద పడేసి
ఎవరు పోయిండ్రని అడిగిండు.

అందరు పోయినంక డబ్బ దిక్కు చూసిన.
మూత నెత్తి మీద చిన్న మర,
చిటికెనవేలి గోరంత,
గాలి లోపలికి పోవుటానికి.
రాత్రి బండి మీద తెచ్చేటప్పుడు
పెట్రోలు చిందకుంట నేనే బిగించిన,
మంచిగ, జాగ్రత్తగ, రెండు చుట్లు ఎక్కువ.
ఇప్పిన.
డబ్బ ఊపిరి పీల్సింది, శానాసేపు,
ఏడుపు ఆపుకున్న పిల్ల లెక్క.
తాడు గుంజితే ఒక్క గుంజుడుకే అందుకున్నది.

ఇండ్ల నీతి ఏదో ఉన్నదని సారు ఒకాయన చెప్పబోయిండు.
నాకొద్దన్న.
పదకొండు టికెట్ల పైసలు వాపసిచ్చుడే నాకు సరిపోయింది.

ఇప్పుడు తాడు మీద చెయ్యి వెయ్యకముందే
పడవల ఎవరో ఒకరు "మర!" అని ఒర్రుతరు.
ఇప్పి ఉన్నా మల్లొకసారి ముట్టి చూస్త.
తెడ్డు పడవలనే ఉంటున్నది.
కోళ్లగూటికి వేరే అడ్డం దొరికేలోపల
రెండు కోళ్లు పోయినయి.

ఆ బొక్కల ఛత్రి ఇప్పటికీ గుచ్చుత.
బీడి ముక్క వెయ్యబోతే మాత్రం
చెయ్యి ఆగుతది.