చదవడానికి మాత్రమే

కాశీబుగ్గలో జీడిబట్టీ వెనక ఆఫీసు గది.
మధ్యాహ్నం దాటితే పొగగొట్టం నీడ
నా కీబోర్డు మీదికి వచ్చి కూచుంటుంది.
మూడు నెలలుగా కుర్చీలో నేను.
కంప్యూటర్లో మాత్రం ఇంకా గవరయ్య గారే.

మంగుళూరు నించి మెయిలు:
'గవరయ్య గారూ, రెండువందల నలభై రకం ఎంత?'
కటక్ నించి ఇంకోటి:
'గవరయ్య బాబూ, బద్ద పప్పు ఉందా?'
రేటు చెప్పి, కింద బమ్మిడి నీలవేణి అని రాస్తాను.
పైన వెళ్ళే పేరు ఆయనదే,
జవాబు మళ్ళీ ఆయనకే.

అడ్రస్ బుక్ తెరిచి
ఆయన పేరు కొట్టేశాను. నా పేరు కొట్టాను.
సేవ్ నొక్కితే
జల్లెడలో గింజలా కాసేపు తిరిగి
సరే అన్నట్టే ఆగింది.
మూసి తెరిస్తే గవరయ్య.

ప్లగ్గు పీకి ఇరవై లెక్కపెట్టాను.
కార్డు మొత్తం చెరిపేశాను, తెల్లారేసరికి ఉంది.
కొత్తది చేస్తే, ఈయన ఇదివరకే ఉన్నారంది.
ఆయన పేరు చివర ఊరికే ఒక చుక్క పెట్టి చూశాను,
చుక్కని కూడా తినేసింది.

'పేరుకేటమ్మా,' అన్నాడు షావుకారు,
'రేటు తప్పు కొట్టకు, అదీ కావాల.'

గుమ్మం దగ్గర వేలిముద్రల పెట్టె.
దాలమ్మ వేలు పెడుతుంది.
మళ్ళీ పెట్టండి, అంటుంది పెట్టె.
చీరచెంగుకి తుడుచుకుని పెడుతుంది.
మళ్ళీ పెట్టండి.
ఇరవయ్యేళ్ళ జీడిసొన
ఆ వేళ్ళ మీద ఒక్క గీతా మిగల్చలేదు.
'ఒలమ్మా, నానే కదే, రోజూ సూస్తంది, దీనికేటి తెలీదా!'
ఆమె హాజరు నేనే పెన్నుతో వేస్తాను.
కాగితం ఇన్నాళ్ళలో ఎవర్నీ
మళ్ళీ రమ్మనలేదు.

టెక్కలి నించి తేజేశ్వర్ అనే కుర్రాడొచ్చాడు.
టీ మీద మీగడ కట్టేదాకా తెరలోకి చూసి
ఫక్కున నవ్వాడు.
'ఏం పాడవలేదు మేడమ్.
ఫైలుకి చదవడానికి మాత్రమే అని పెట్టారు.
మీరు మార్చిందల్లా పక్కన చిత్తులో రాసుకుని
మూసేటప్పుడు పారేస్తోంది.
తాళం గవరయ్య గారి పాస్‌వర్డు.'

ఆదివారం మందస బస్సెక్కాను.
స్టాండు పక్కన అక్కగారి కోవా కొట్లో
తక్కెడ ముందు ఉన్నాడాయన,
ముల్లు నిలిచేదాకా మాట్లాడడు.
'నానే పెట్టేను,' అన్నాడు పొట్లం కడుతూ.
'బోనసు లేదన్న రోజు. కోపం.
నా పేరెవుడు సెరుపుతాడో సూద్దారని.
ఎల్లొచ్చీసేక మరిసిపోనాను.
నీకిబ్బందౌద్దని తట్టనేదు గుంటా.'

పాస్‌వర్డు అడిగితే
ఎనభై అన్నాడు.
ఎనభై ఏమిటన్నాను.
'పిక్కల బస్తా బరువు.
దాని పక్కన, దాలమ్మ.'

కోవా డబ్బులు తీసుకోలేదు.
నేను మెట్టు దిగుతుంటే వెనకనించి,
తనలో తను అనుకున్నట్టు:
'ఆ యేలు ఎక్కించలేక సచ్చీవోణ్ణి.
పేరు కొడితే మట్టుకు ఒక్కసారికే తీసీసుకుంది.'

సోమవారం.
ఎనభై, దాలమ్మ.
టిక్కు తీశాను. పేరు మార్చాను.
మూసి తెరిచాను, ఉంది.
నమ్మకం లేక మళ్ళీ మూసి తెరిచాను.
బమ్మిడి నీలవేణి,
మధ్యలో ఖాళీతో సహా.

పదకొండింటికి మంగుళూరు:
'నీలవేణి గారూ, రెండువందల నలభై రకం ఎంత?'
అదే ప్రశ్న. నేను వెంటనే జవాబివ్వలేదు,
కాసేపు అలా తెరిచి ఉంచుకున్నాను.

పాస్‌వర్డు పాతబడింది, మార్చుకోండి,
అని అడుగుతోంది కంప్యూటరు.
తర్వాత, అని నొక్కాను.
గుమ్మం దగ్గర పెట్టె
ఎవరితోనో అంటోంది,
మళ్ళీ పెట్టండి.